రెండు దినోత్సవాలు, ఒక స్టేప్లర్ పిన్ను

మా హైస్కూలు దేవరకొండ వైపు. మగ టీచర్లం ఇద్దరమే. పీఈటీ సారు ఆ రోజు పిల్లల్ని ఆటలకని నల్లగొండ తీసుకుపోయాడు, అదృష్టవంతుడు.

ఆ రోజంటే మొన్న నవంబర్ 19. ఇందిరాగాంధీ జయంతి, జాతీయ సమైక్యతా దినం అన్నీ దాని మీదే పడ్డాయి. అవి చాలవన్నట్టు ట్రినిడాడ్‌లో ఓ లెక్చరర్ 1999లో తన తండ్రి పుట్టినరోజు చూసి పురుషుల దినోత్సవం మొదలుపెట్టాడు. 2013లో ఐక్యరాజ్యసమితి అదే తారీకును ప్రపంచ టాయిలెట్ దినోత్సవం చేసింది. ఏడాదిలో 365 రోజులుండగా మగవాళ్లకూ మరుగుదొడ్లకూ ఒకే ముహూర్తం కుదిరింది.

పైవాళ్లకు ఫొటోలు కావాలి. ఏ దినోత్సవం ఫొటో ఆ దినోత్సవానిదే, పదకొండు లోపు గ్రూపులో పడాలి. "రెండూ ఒకే ప్రేయర్‌లో కానిచ్చేద్దాం, ప్రసంగాలు మీరు రాసివ్వండి సార్" అన్నారు హెచ్ఎం మేడమ్. తెలుగు సారంటే ప్రసంగాల మిషనని అందరి నమ్మకం. రాత్రి రెండేసి పేజీలు రాశాను. పిన్ను కొట్టేటప్పుడు కరెంటు పోయింది.

పొద్దున నాకు కుర్చీ వేసి శాలువా కప్పారు. మా మైకు గురించి చెప్పాలి. ముందు వరసలో పిల్లలకు వినపడదు గానీ రోడ్డవతల టీ హోటల్లో మాత్రం ఖంగున మోగుతుంది. దాని ముందు ఎనిమిదో తరగతి పిల్ల. బతుకమ్మ పాట ఎత్తుకుంటే రెండు వాడలు వినాల్సిందే, అట్లాంటి గొంతు.

"పురుషుడు ఇంటికి పెద్ద దిక్కు. ఎండనకా వాననకా కష్టపడతాడు. అయినా ఆయన విలువ మనం గుర్తించం. అందుకే ఈ రోజు మనం తెలుసుకోవాల్సింది ఏమిటంటే..."

పేజీ తిప్పింది.

"వాడిన ప్రతిసారీ బకెట్టెడు నీళ్లు పోయాలి."

పిల్ల ఆగలేదు. తడబడినా ఆగొద్దని నేర్పింది నేనే. "వారానికోసారి ఫినాయిల్ వేసి బ్రష్షుతో గట్టిగా రుద్దాలి. మూత తీసి ఉంచితే ఈగలు వాలతాయి. ఇంట్లో ఒక్కటీ లేనివాళ్లకు స్వచ్ఛభారత్ కింద ప్రభుత్వం 12,000 రూపాయలు ఇస్తుంది."

"ఉన్నదాన్ని మార్చుకోనీకి ఇయ్యరా?" అని లెక్కల మేడమ్ పక్కావిడను మెల్లగా అడగడం నా చెవిన పడింది. ఆపించమని హెచ్ఎం మేడమ్ వైపు చూశాను. ఆమె ఫోనులో నా శాలువా పూర్తిగా పడుతుందో లేదో చూసుకుంటున్నారు. "సార్, కొంచెం నవ్వండి" అన్నారు.

నవ్వాను.

"నిండితే వెంటనే బండిని పిలిపించాలి. జై హింద్!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. రెండో పిల్ల ప్రసంగంలో మరుగుదొడ్డి కుటుంబం కోసం కన్నీళ్లు దిగమింగుకుందని మాత్రం చెప్పి వదిలేస్తాను.

"ఇదేందమ్మా?" అంటే, "మీరిచ్చిందే సదివిన సార్" అంది పిల్ల. టీ హోటలాయన గ్లాసు చేతికిస్తూ, "వారానికి ఒక్కసారేనా సార్?" అన్నాడు.

పదకొండు లోపు ఫొటోలు వెళ్లాయి. పైనుంచి బొటనవేలి బొమ్మ వచ్చింది.

26న రాజ్యాంగ దినోత్సవం, జాతీయ పాల దినోత్సవం రెండూ ఉన్నాయట. ప్రసంగాలు మళ్లీ నన్నే రాయమన్నారు. స్టేప్లర్ మాత్రం హెచ్ఎం మేడమ్ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు.