ట్రాక్టర్ వెనక వంద బస్తాలు, ముప్ఫై మంది కూలీలు: ఆ మెసేజ్‌కి నా జవాబు

మూడు రోజుల్లో ఐదుగురు పంపారు. నిన్న రాత్రి మా బావ కూడా పంపాడు, "రైతులకు శుభవార్త" అంటూ. అందులో ఉన్నది ఇది: సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసింది కాబట్టి కారు లైసెన్స్‌తోనే ట్రాక్టర్‌కి ట్రాలీ తగిలించి తోలొచ్చట. 7,500 కేజీల దాకా, అంటే 75 కేజీల బస్తాలు వంద, ధైర్యంగా వేసుకోవచ్చట. ట్రాలీకి వేరే నంబరు అక్కర్లేదట, వ్యవసాయ ట్రాక్టర్‌కి ఫైన్ ఉండదట, ముప్ఫై మంది కూలీలను ఎక్కించినా ఇన్సూరెన్సే చూసుకుంటుందట.

మొదటి ముక్క నిజమే. ట్రాక్టర్‌కి వేరే లైసెన్స్ కావాలని నేనే చాలాకాలం మా వాళ్లతో వాదించాను, తప్పు నాదే. ఖాళీ బరువు 7,500 కేజీలు దాటని ట్రాక్టర్ కూడా మోటారు వాహనాల చట్టం లెక్కలో లైట్ మోటార్ వెహికలే, అంటే కారు ఉన్న తరగతే. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టర్ లైసెన్స్ చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. మొత్తం బరువు 7,500 కేజీలు మించని రవాణా బండ్లకు కూడా ఈ లైసెన్సే చాలని 2024 నవంబరు 6న ఐదుగురు జడ్జీల బెంచ్ తేల్చింది. మెసేజ్ అక్కడితో ఆగి ఉంటే నేనూ నలుగురికి పంపేవాణ్ని.

కానీ ఆ 7,500 లోడు లెక్క కాదు. బండి ఏ తరగతిలోకి వస్తుంది, దానికి ఏ లైసెన్స్ కావాలి అని చెప్పే లెక్క. లోడు సంగతి ట్రాలీ ఆర్సీలో ఉంటుంది. అందులో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేయండి, మిగిలిందే మీరు వేయగలిగిన సరుకు. దాటితే అదే చట్టం 194వ సెక్షన్ ప్రకారం ఫైన్ 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకీ 2,000, ఎక్కువైన సరుకు దించే ఖర్చు కూడా మీదే. రైతు ట్రాక్టర్‌కి మినహాయింపు అన్న మాట ఆ సెక్షన్‌లో లేదు.

నంబరు విషయం ఒక్క ముక్కలో: ట్రాలీ రిజిస్ట్రేషన్ ట్రాలీకి ఉండాలి, దాని మీద ట్రాక్టర్ నంబరు కూడా కనపడాలి. అదే చట్టం 61వ సెక్షన్ చూసుకోండి.

అసలు వంద బస్తాలు వేయమన్నవాడు ట్రాక్టర్ బ్రేకు పెడల్స్ ఎప్పుడైనా చూశాడా? కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి. దుక్కిలో మలుపు తిప్పడానికి విడివిడిగా తొక్కుతాం. రోడ్డెక్కితే రెండూ కలిపి లాక్ వేయాలి. చాలా ట్రాలీలకు అసలు బ్రేకులే లేవు. కాలువ గట్టు దిగేటప్పుడు లాక్ మర్చిపోయి ఒక్క పెడల్ తొక్కితే ట్రాక్టర్ పక్కకి లాగేస్తుంది, వెనక నుంచి ట్రాలీ తోసేస్తుంది.

ఆ ట్రాలీలో మనుషులుంటే? నేనింత రాస్తున్నది ఈ ఆఖరి ముక్క కోసమే. 2018 జూన్ 24న తెలంగాణలో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర పొలం పనికి వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడింది. పదిహేను మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. ఆ వార్త చదివినవాడెవడూ "ముప్ఫై మందిని ఎక్కించుకోండి" అని రాయడు.

ఇన్సూరెన్స్ చూసుకుంటుందా? ట్రాలీ సరుకు కోసం, మనుషుల కోసం కాదు. ట్రాక్టర్ ట్రాలీలో వెళ్తూ గాయపడిన ఒక కూలీ కేసు 2007లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బీమా కంపెనీకి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. కూలీ పేదవాడని చూసి ముందు కంపెనీనే ఇమ్మని, ఆ తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని చెప్పింది. ఎకరమో రెండెకరాలో ఉన్న ఓనర్‌కి ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? పొలం అమ్ముకోవాల్సిందే.

బావా, రేపు మిరపకోతకి వచ్చేవాళ్లకి ఆటోలు మాట్లాడు. కిరాయి సగం నేను వేసుకుంటా. ఆ మెసేజ్ మాత్రం ఊరి గ్రూపులోంచి ఇప్పుడే తీసెయ్యి.