సంచి జేబులోని మాత్రల అట్ట గారికి

మహారాజశ్రీ మాత్రల అట్ట గారికి,

తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జిలో లెక్కలు రాసే మనిషి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడం ఆనవాయితీ. ప్రస్తుతం కుశలంగా ఉన్నది మీరొక్కరే కనుక ఆ మాట కొట్టివేస్తున్నాను.

మన పరిచయం నిరుడు ఎండాకాలంలో. రేణిగుంట వెళ్ళివచ్చేసరికి భోజనం వేళ దాటింది. కుడి కన్ను వెనక ఎవరో రోకలి పట్టుకుని దంచడం మొదలుపెట్టారు. కౌంటరు ముందు నిలబడ్డ యాత్రికుడి గుండు మీది చందనం వాసనకే కడుపులో తిప్పింది. చందనం గిట్టలేదని ఈ ఊళ్ళో పైకి చెప్పుకోగలమా? ట్యూబులైటు ఆర్పి రిజిస్టరు మీద తల వాల్చాను. అప్పుడు మీ రేకు చిటుక్కుమంది. గంటకల్లా మళ్ళీ మనిషినయ్యాను.

"తలనొప్పే కదా" అన్న యజమాని, దిష్టి అన్న పొరుగావిడ, శొంఠి పట్టు వేసిన అమ్మ, వీళ్ళందరికంటే మీరే ఆప్తులనిపించారు. (పట్టు మంటకు కాసేపు నొప్పి మరిచిన మాట నిజమే.)

ఆపైన చనువు పెరిగింది. నొప్పి వస్తే మీరు, వస్తుందేమోనన్నా మీరు. చివరకు మీరు రాని పొద్దున నొప్పి ముందే వచ్చి కూర్చునేది.

డాక్టరు గారు అడిగింది ఒకటే: "నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నారు?" పాల లెక్క రాసే క్యాలెండరులోనే మీ రాకలకూ సున్నా చుట్టడం నా అలవాటు. చూస్తే పాలు రాని రోజులు రెండు, మీరు రాని రోజులు పదకొండు. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, కెఫీన్ కలిపినవో, పార్శ్వనొప్పికని ఇచ్చే ట్రిప్టాన్ మాత్రలో అయితే 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే మందే తలనొప్పి తెచ్చిపెడుతుందట. చేబదులిచ్చి ఇల్లు రాయించుకున్నట్టుంది మీ ఆప్యాయత!

నాకున్నది పార్శ్వనొప్పి, అదే మైగ్రేన్. మందు వేయకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. కొండ మీది దర్శనానికైనా టోకెన్ మీద సమయం వేసిస్తారు, దీనికి అదీ లేదు. సరే, అది శత్రువు. మీరు చుట్టమై వచ్చి కాపురం పెట్టారే!

మిమ్మల్ని మానిన తొలి వారం నరకం చూశాను. ఇప్పుడు బీపీ లేని నాకు బీపీ మాత్ర, ప్రొప్రనలాల్, రోజూ. అది నొప్పి రాకముందే కాపలా కాసే రకం. గుణం తెలియడానికి వారాలు పట్టింది, మీలా చిటుక్కుమని మెప్పు కొట్టేయడం దానికి చేతకాదు.

మిమ్మల్ని వెళ్ళగొట్టడం లేదు. వారానికి రెండు రోజులు మించకుండా, నొప్పి మొదలవగానే పిలుస్తాను. ముదిరితే కడుపు మందగించి మీరు లోపలికి దిగినా పని జరగదు. పిలవని రోజుల్లో సంచిలో చప్పుడు చేయవద్దు.

ఇట్లు,
తమ మాజీ నిత్య ఖాతాదారు

తా.క.: ఈ నెల సున్నాలు మూడు. పాలు రాని రోజులు నాలుగు.