తాళాలివ్వని ఇంటికి కిస్తీలా?

ఇల్లు చేతికి రాలేదు. అప్పు మాత్రం నెత్తిన కూర్చుంది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పేదలకు ఫ్లాట్లు కట్టించే ప్రభుత్వ సంస్థ టిడ్కో. దాని లబ్ధిదారులు వేలాది మంది పరిస్థితి ఇదే. ఇస్తామన్న ఫ్లాటు ఇవ్వలేదు. ఉంటున్న ఇంటికి అద్దె కట్టక తప్పదు. ఈలోగా బ్యాంకు నుంచి నోటీసు వస్తుంది: కిస్తీలు కట్టడం లేదు, బకాయి పేరుకుపోయింది, చర్యలు తీసుకుంటాం అని. ఆ అప్పులో ఒక్క రూపాయి కూడా వాళ్లు కంటితో చూడలేదు. సంతకం వాళ్లది, సొమ్ము వెళ్లింది ప్రభుత్వ సంస్థ ఖాతాకు. కట్టాల్సిన ఇల్లేమో తుమ్మచెట్ల మధ్య కిటికీలు లేని గోడలై నిలబడి ఉంది. ఒక ప్రైవేటు బిల్డరు ఇదే పని చేస్తే దాన్ని మోసం అంటాం. సర్కారు చేస్తే జాప్యం అనాలా?

తెలుగుదేశం హయాంలో మొదలై, 7 లక్షలకు పైగా ఇళ్లు మంజూరై, వైసీపీ హయాంలో 2.62 లక్షలకు కుదించుకుపోయి, కూటమి ప్రభుత్వం చేతికి వచ్చిన ఈ కథ పాఠకులకు కొత్తేమీ కాదు. ఇందులో 300 చదరపు అడుగుల ఇళ్లు దాదాపు 1.43 లక్షలు. వాటిని రూపాయికే ఇస్తామన్నారు కాబట్టి వాళ్లకు బ్యాంకు బెడద లేదు. చిక్కంతా 365, 430 చదరపు అడుగుల ఇళ్లది. ఈ రెండు రకాలూ కలిపి దాదాపు 1.18 లక్షలు. మొదట్లో 365 అడుగుల ఇంటికి 50 వేలు, 430 అడుగుల ఇంటికి లక్ష రూపాయలు లబ్ధిదారు వాటా అన్నారు, తర్వాత దాన్ని సగానికి తగ్గించారు. దానికితోడు ఒక్కొక్కరి పేరిట 3.15 లక్షలు, 3.65 లక్షలు బ్యాంకు అప్పు. ఇల్లు కట్టడం ఆగినా అప్పు ఆగలేదు. కొంతకాలం కిస్తీలు అడగలేదు. ఆ గడువు తీరగానే, ఇంట్లో దిగారా లేదా అని ఎవరూ అడగకుండానే, వాయిదాలు మొదలయ్యాయి.

గమనించండి, నలిగిపోతున్నది ఎవరో. నాలుగు ఇళ్లలో పనిచేసి, చీటీ పాడి, మెళ్లో గొలుసు తాకట్టు పెట్టి, ఉచితం వద్దు మా వాటా మేం కడతాం అని ముందుకొచ్చినవాళ్లు. రూపాయి ఇంటి లబ్ధిదారు మీద మాకు ఈర్ష్య లేదు, ఆ ఇల్లు వాళ్ల హక్కు. కానీ సొంత డబ్బు పెట్టినవాళ్లకే శిక్ష పడటం ఏ న్యాయం?

సోమవారం నాడు ఏ కలెక్టరేట్‌కైనా వెళ్లి చూడండి. అర్జీలు తీసుకునే హాలు బయట, చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు కనిపిస్తారు. ఆ కవరు విప్పితే మున్సిపల్ కమిషనర్ పేరిట తీసిన డీడీ జిరాక్సు, మడతల దగ్గర చిరిగిపోతే సెల్లోటేపు అంటించిన కేటాయింపు పత్రం, బ్యాంకు పాస్‌బుక్కు, అన్నిటికన్నా పైన కొత్తగా వచ్చిన నోటీసు. కేటాయింపు పత్రంలో బ్లాకు నంబరు ఉంది, అంతస్తు ఉంది, ఫ్లాటు నంబరు కూడా ఉంది. అన్నీ ఉన్నాయి, పాలు పొంగించడానికి పొయ్యి పెట్టుకునే చోటు తప్ప. అధికారి అర్జీ తీసుకుని రసీదు ఇస్తారు. ఆ రసీదు కూడా ఆ కవర్లోకే వెళ్తుంది.

ఇక చట్టం సంగతి చూద్దాం. ఇళ్లు కట్టి అమ్మేవాళ్లను కట్టడి చేసే 2016 నాటి రెరా చట్టం 18వ సెక్షన్ ఏం చెబుతోంది? చెప్పిన గడువుకు ఫ్లాటు ఇవ్వకపోతే కొనుక్కున్నవారు తప్పుకొని, కట్టిన సొమ్మును వడ్డీతో సహా వెనక్కి అడగవచ్చు. తప్పుకోకపోతే, తాళాలు ఇచ్చేదాకా ఆలస్యమైన ప్రతి నెలకూ బిల్డరే వడ్డీ చెల్లించాలి. ఆ చట్టంలో ప్రమోటరు, అంటే కట్టి అమ్మేవాడు, అన్న మాటకు అర్థం చెప్పినచోట ప్రభుత్వ సంస్థలను కూడా కలిపే రాశారు. ఆలస్యం చేసినవాడు వడ్డీ కట్టాలి అన్నది చట్టం. ఆలస్యానికి బలైనవాడి దగ్గర వడ్డీ వసూలు చేయడం టిడ్కో పద్ధతి.

దిల్లీ చుట్టుపక్కల ఇలాంటిదే జరిగినప్పుడు ఏమైందో గుర్తు చేసుకోవాలి. బ్యాంకులు అప్పు సొమ్మును నేరుగా బిల్డర్ల ఖాతాల్లో పోశాయి, ఫ్లాట్లు పూర్తి కాలేదు, కిస్తీలు మాత్రం కొనుగోలుదారుల మెడకు చుట్టుకున్నాయి. 2024 జులైలో సుప్రీంకోర్టు ఆ కొనుగోలుదారులపై బలవంతపు చర్యలు వద్దని బ్యాంకులను ఆపింది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకులు, బిల్డర్ల కుమ్మక్కుపై సీబీఐ ప్రాథమిక విచారణకు ఆదేశించింది. అక్కడ మధ్యతరగతి వాళ్లు లాయర్లను పెట్టుకుని దిల్లీ దాకా వెళ్లగలిగారు. ఇక్కడ ఇస్త్రీబండి నడుపుకునే మనిషి ఏ లాయరు దగ్గరికి వెళ్తాడు? ఆయన వెళ్లలేడన్న ధీమాతోనేగా ఇదంతా నడుస్తోంది!

పాత ప్రభుత్వం నిధులు మళ్లించిందని ఇప్పటివాళ్లు, మాకు అప్పగించిందే అస్తవ్యస్తమైన పథకం అని అప్పటివాళ్లు, అప్పిచ్చిన సొమ్ము తిరిగి రావాలిగా అని బ్యాంకులు అంటున్న మాటల్లో కొంత నిజం ఉండొచ్చు. అయితే ఏమిటి? సంతకం పెట్టించుకున్నది ఒక పార్టీ కాదు, ప్రభుత్వం. ముఖ్యమంత్రి మారితే ప్రభుత్వం ఇచ్చిన మాట మారిపోతుందా? ఇళ్లకు వేసిన రంగులు మార్చారు, కాలనీల పేర్లు మార్చారు, రివర్స్ టెండర్లు వేశారు, గడువు మీద గడువు ప్రకటించారు. నోటీసు రావడం మాత్రం ఎవరి హయాంలోనూ ఆగలేదు. కిస్తీల భారం మేం చూసుకుంటాం అన్న హామీలూ విన్నాం. చూసుకుంటే మరి నోటీసు ఎందుకు వస్తోంది?

అద్దె ఇంట్లో ఉన్నవాడి బతుకు ఎలా ఉంటుందో ఈ ఫైళ్లు నడిపేవాళ్లకు తెలియదనుకోలేం. రాతపూర్వకమైన ఒప్పందం ఉండదు. ఏడాది తిరిగేసరికి ఓనరు అద్దె పెంచుతాడు, కాదంటే ఖాళీ చేయమంటాడు. పిల్లల బడి మారుతుంది, రేషన్ కార్డు మీద అడ్రసు మారుతుంది. మన మున్సిపాలిటీల్లో ఇంటి పన్ను వసూలుకు విభాగం ఉంది, కిరాయిదారుడి గోడు వినడానికి ఒక బల్ల కూడా లేదు. అలాంటి కుటుంబం మీద అద్దెకు తోడు నెలకు మూడు వేలకు అటూ ఇటూగా కిస్తీ పడితే ఏది మానుకోవాలి? ఖాతాలో పింఛను పడినా, పొదుపు సంఘం డబ్బు పడినా బ్యాంకు పట్టుకుంటుందేమోనని నెలంతా టెన్షన్. అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు దెబ్బతింటే రేపు కొడుకు చదువుకు లోను అడిగే దారి కూడా మూసుకుపోతుంది. ఎగవేతదారు అన్న ముద్ర పడేది టిడ్కో మీద కాదు, ఆ ఇల్లాలి మీద.

మమ్మల్ని అన్నిటికన్నా భయపెడుతున్నది ఒకటుంది. ఇది ఆనవాయితీ అయిపోతోంది. పేదవాడి పేరిట అప్పు తెచ్చుకోవచ్చు, ఖర్చు పెట్టుకోవచ్చు, ఇల్లు ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు అని ఒక ప్రభుత్వం తర్వాత ఇంకో ప్రభుత్వం నేర్చుకుంటోంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత 2024లో మొదలైంది, దేశంలో కోటి ఇళ్లు లక్ష్యం. మళ్లీ వార్డు సచివాలయం నుంచి ఎవరో వస్తారు. మళ్లీ ఆధార్ అడుగుతారు, మళ్లీ ఇక్కడ సంతకం పెట్టమ్మా అంటారు. ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? ఈ 1.18 లక్షల ఇళ్ల లెక్క తేలకుండా ఇంకో కాగితం మీద పేదల సంతకం తీసుకునే అర్హత ఏ పార్టీకీ లేదు.

చేయాల్సిన పనికి కమిటీలూ, అధ్యయనాలూ అక్కర్లేదు. ఇల్లు అప్పగించని ప్రతి లబ్ధిదారు కిస్తీ, వడ్డీ ఈ నెల నుంచే ఖజానా కట్టాలి. ఇంతకుముందు ముక్కుపిండి వసూలు చేసింది వెనక్కి ఇవ్వాలి. సిబిల్‌లో పడిన మచ్చను తొలగించమని బ్యాంకులకు టిడ్కోయే లేఖ రాయాలి, లబ్ధిదారును బ్రాంచీల చుట్టూ తిప్పకూడదు. ఏ బ్లాకు ఎప్పటికి పూర్తవుతుందో మున్సిపల్ ఆఫీసు గోడ మీద తేదీతో సహా అంటించాలి. ఆ తేదీ దాటితే నెలనెలా వాళ్ల అద్దె కూడా ప్రభుత్వమే భరించాలి.

డబ్బు లేదని చెప్పొద్దు. పూర్తయిన ఇళ్లకు ఒకసారి వేసిన రంగు మీద ఇంకోసారి రంగు వేయడానికి డబ్బు దొరికింది. పైపులైనూ కరెంటూ సరిగా లేని బ్లాకుల ముందు శంకుస్థాపన పలకలు చెక్కించడానికి డబ్బు దొరికింది. ఆ పలకల మీద పేర్లున్న మంత్రులు, ఎమ్మెల్యేలు, మాజీలతో సహా, వచ్చే సోమవారం కలెక్టరేట్ హాలు బయట ఆ క్యూలో నిలబడి, ఆ ప్లాస్టిక్ కవరులోని నోటీసును ఆ తల్లి ఎదుట పైకి చదవాలి. బాకీ ఎవరిదో ఆమె మొహం చూసి చెప్పాలి.