మూడో అంతస్తుకి బాణం గుర్తు

తిరుపతిలో లాడ్జి గది చూసుకోవడానికి మన పెద్దలు ఒక శాస్త్రం ఏర్పరిచి పెట్టారు. బస్టాండు దాటగానే "రూమా సామీ?" అంటూ ఒకడు మన సంచీ అందుకుంటాడు. తాళాల గుత్తి పట్టుకుని కుర్రాడు ముందు నడుస్తాడు. మనం గదిలో కాలు పెట్టి, మంచం వంక చూడకుండా నేరుగా బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుతాం. ఫ్లష్ నొక్కుతాం. ఫ్యాను మూడో నంబరులో పెట్టి చప్పుడు వింటాం. ఆఖరున దిండు ఎత్తి వాసన చూసి, పక్క లాడ్జికి పోతాం. దీనికి పైసా ఖర్చు లేదు. ఇంటరాక్టివ్ టూరంటే ఇంతకు మించి ఏముంటుందో నాకు తెలీదు.

ఇప్పుడా అనాగరికం పోయింది. లాడ్జికి ఫోన్ చేసి గది ఎలా ఉంటుందని అడిగితే, "లింక్ పంపినాం సార్, వర్చువల్ టూర్ చూడండి, చానా ఎంగేజింగ్‌గా ఉంటుంది" అంటున్నారు. ఎంగేజింగ్ మాట నిజమే. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆ ఫోన్ ఎంగేజే.

లింక్ నొక్కాను. ముందు లాడ్జి మొత్తం బత్తాయికాయలా గుండ్రంగా చుట్టుకుని తెర మధ్య తేలింది. మెల్లగా తిరిగి, విప్పుకుని, రిసెప్షన్ అయింది. ఎందుకలా చుట్టుకుందో, ఎందుకు విప్పుకుందో అడక్కూడదు, అది ఎఫెక్టు. వెనకాల వేణువు మొదలైంది. ఆపే మీట కోసం వెతికితే రెండో అంతస్తు దాకా పోయాను.

పనితనం మాత్రం కాదనలేం. నొక్కడానికి పదహారు చోట్లున్నాయి. చేపల తొట్టి నొక్కితే గోల్డ్‌ఫిష్ గురించి నాలుగు ముక్కలు. సోఫా నొక్కితే సోఫా గురించి. గదుల్లో దాచిన అయిదు లడ్డూలు కనిపెడితే మర్నాటి టిఫిన్ ఉచితమట! 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న లడ్డూ, ఇక్కడ టీవీ వెనక దాక్కుని ఉంది. నేను నాలుగు పట్టాను. అయిదోది బాత్రూంలో ఉందని ఇప్పటికీ నా అనుమానం. కానీ బాత్రూం తలుపుకి బాణం గుర్తు లేదు. ఎంత నొక్కినా అది తెరుచుకోలేదు.

ఈ లాడ్జి ఓనరు నాకు టీ కొట్టు దగ్గర పరిచయం, కాబట్టి టూరు తయారీ కూడా కొంత కళ్లారా చూశాను. స్టాండు మీద పిడికెడంత కెమెరా. ముందొకటి వెనకొకటి చేపకన్ను లెన్సులు, ఒక్కోటి సగం లోకం కంటే కాస్త ఎక్కువే చూస్తుంది. ఆ రెండు బొమ్మల అంచులు కలిపి కుట్టేస్తే 360 డిగ్రీలు. కుట్టు దగ్గర ఎవరైనా కదిలితే వాడి ఖర్మ. బకెట్‌తో పోతున్న రూంబాయ్ ఆ టూరులో ఈ రోజుకీ ఒంటికాలి మీదే ఉన్నాడు.

అసలు కథ కింద ఉంది. కెమెరా నిలబెట్టిన స్టాండు నేల మీద కనబడుతుంది కదా, దాన్ని కప్పడానికి అక్కడ గుండ్రటి లోగో అతికిస్తారు. ఇది ప్రపంచమంతా ఉన్న పద్ధతే. కానీ తిరుపతిలో లాడ్జి లోగో అంటే ఏముంటుంది? శంఖం, చక్రం, మధ్యలో నామం. టూరు తీసిన కెమెరా అబ్బాయి దాన్ని నలభై రెండు గదుల్లోనూ నేల మీద పరిచేశాడు. ఓనరు గారి అత్తగారు ఫోనులో వేలితో కిందికి లాగి చూసి, కళ్లకద్దుకోబోయి, అది ఎక్కడుందో అర్థమై కేక పెట్టింది. "నామం మీద కాళ్లు పెట్టించినావే, ఏందప్పా ఇది!" అని ఓనరు లెంపలేసుకున్నాడు. రాత్రికి రాత్రి లోగో పైకప్పుకి మారింది. అక్కడ ఫ్యాను ఉంది. ఇప్పుడు టూరులో తలెత్తి చూస్తే ఫ్యాను మూడు రెక్కలూ నామంలోంచే మొలిచినట్టుంటాయి. అత్తగారికి ఇంకా ఎవరూ చూపించలేదు.

పదడుగుల గది కల్యాణ మండపంలా కనబడటం ఇంకో విద్య. వెడల్పాటి చూపుని తెచ్చి అరచేతి తెరలో కుక్కితే ఎదురుగోడ దూరం జరుగుతుంది, మంచం పక్కన పిల్లలు క్రికెట్ ఆడుకోవచ్చనిపిస్తుంది. 1787లో రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు చుట్టూ తిరిగి చూసే గుండ్రటి బొమ్మకి పేటెంట్ తీసుకుని, లండన్లో జనాన్ని మధ్యలో నిలబెట్టి టికెట్టు వసూలు చేశాడు. పాపం, ఆయన అది బొమ్మేనని చెప్పే వసూలు చేశాడు. ఆ బొమ్మలో పడుకోండని అడ్వాన్సు తీసుకోలేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. లిఫ్టు దగ్గరే నాకు నవ్వు రావడం లేదు.

టూరులో లిఫ్టు ఉంది. నొక్కితే టింగుమంటుంది, మూడో అంతస్తులో దింపుతుంది. అది చూసే నేను విజయనగరం నుంచి వచ్చే మా పెద్దమ్మకీ పెద్దనాన్నకీ గది బుక్ చేశాను. పెద్దమ్మకి రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. దర్శనం చేసుకుని, కొండ దిగి, రాత్రి ఒంటిగంటకి లాడ్జి చేరితే లిఫ్టుకి "రిపేరులో ఉన్నది" అని బోర్డు. రాత్రి పెట్టింది కాదు, అక్షరాలు వెలిసిపోయిన బోర్డు. అంటే కెమెరా పట్టుకుని అబ్బాయి వచ్చిన రోజు కూడా అది అక్కడే వేలాడుతోంది. బోర్డు తీసి గోడకి ఆనించి, ఫొటో తీసుకుని, మళ్లీ తగిలించారు! ఎవరికీ చెయ్యి వణకలేదు. చేపల తొట్టి గురించి నాలుగు ముక్కలు రాసిన చేత్తో "లిఫ్టు పనిచెయ్యదు" అని ఒక్క ముక్క రాయడానికి ఏం రోగం? ఇన్ని మీటలు పెట్టింది మనుషులు చూడాల్సింది చూడకుండా ఉండటానికా? అలిపిరి నుంచి 3550 మెట్లున్నాయి, శ్రీవారి మెట్టు దారిన 2388. వాటిని మొక్కుకుని ఎక్కుతాం. నీ లాడ్జి యాభై నాలుగు మెట్లు ఏ ముసలిది మొక్కుకుంది రా?

కౌంటర్లో కుర్రాడు నిద్ర కళ్లతో, "టూర్ చూసే గదా సామీ బుక్ చేసినారు" అన్నాడు.

పెద్దనాన్న సంచులు మోసుకుని పైకి పోయాడు. మొదటి మలుపు దగ్గర పెద్దమ్మ మెట్టు మీద కూలబడి, గుండు మీద కొంగు సర్దుకుంటూ నా చేతిలో ఫోను వంక చూసింది.

"ఒరే, ఆ బాణం గుర్తేదో నొక్కరా, పైకెళ్లిపోదాం."