నీ అవసరం ఇదివరకే తీరిపోయింది

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుందామని కూర్చున్నవారికి మొదటి వారంలోనే వైరాగ్యం కలిగించగల వాక్యం ఒకటుంది. ఇతరులు రాసిపెట్టిన కోడు మూటలను, అంటే మాడ్యూళ్లను, తెచ్చి పైథాన్‌లో ఎక్కించే పనిముట్టు పిప్. వెబ్ పేజీలను తెప్పించే రిక్వెస్ట్స్ అనే మాడ్యూలును ఎక్కించమని అడిగితే, "రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్ఫైడ్" అంటుంది పిప్. నీ అవసరం ఇదివరకే తీరిపోయింది, ఇక నీకు కావలసినదంటూ ఏదీ లేదు అని దాని భావం. మునులు ఏళ్ల తరబడి తపస్సు చేస్తే గానీ అందుకోలేని ఈ స్థితిని పిప్ ఒక్క క్షణంలో ప్రసాదిస్తుంది. ఆ తృప్తితో అభ్యాసకుడు తన మూడు వరుసల ప్రోగ్రామును నడుపుతాడు. ఆ మాడ్యూలును పిలిచే మొదటి వరుసలోనే పైథాన్ అడ్డుపడి, "నో మాడ్యూల్ నేమ్డ్ రిక్వెస్ట్స్" అంటుంది. ఆ పేరు గలవారెవరూ ఇక్కడ లేరట.

ఈ ఘట్టాన్ని కాస్త నిదానంగా చూడడం న్యాయం. ఒకే గదిలో పక్కపక్కన రెండు బల్లలు ఉన్నాయనుకోండి. మొదటి బల్ల దగ్గరి గుమస్తా రిజిస్టరు తిరగేసి, "మీ సరుకు ఎప్పుడో చేరిందండీ" అంటాడు. రెండో బల్ల దగ్గరి గుమస్తా, "అలాంటి సరుకు పేరే వినలేదండీ" అంటాడు. అభ్యాసకుడు మొదటి బల్లకు తిరిగి వచ్చి మరొక్కసారి ఇప్పించమని ప్రాధేయపడితే, చేరిన సరుకును మళ్లీ ఎలా ఇస్తామని ఆ గుమస్తా నొచ్చుకుంటాడు. పోనీ పాతది రద్దు చేయమంటే నిజాయితీగా రద్దు చేస్తాడు. కొత్తది తెప్పించమంటే తెప్పించి, విజయవంతంగా చేరిందని రసీదు కూడా చేతిలో పెడతాడు. ఆ రసీదు పట్టుకుని పరుగున వెళితే రెండో గుమస్తా తలెత్తి చూడడు. కంప్యూటరును ఆపి మళ్లీ వేసినా ఇద్దరూ అవే కుర్చీల్లో అవే ముఖాలతో కూర్చుని ఉంటారు. మూడోసారి తిరిగేసరికి అభ్యాసకుడికి తన కళ్ల మీదే అనుమానం వచ్చి, రిక్వెస్ట్స్ అనే మాటలోని అక్షరాలను వేలు పెట్టి ఒక్కొక్కటిగా లెక్కించుకుంటాడు.

అన్నిటికంటే విచిత్రం, ఇద్దరు గుమస్తాలలో ఒక్కరూ అబద్ధమాడలేదు. ఆ యంత్రంలో పైథాన్లు నాలుగున్నాయి. అధికారిక వెబ్‌సైటు నుంచి దింపుకున్నదొకటి, యాప్ స్టోరు నుంచి వచ్చినదొకటి, అనకొండా అనే ప్యాకేజీల మూటతో పాటు దిగినదొకటి, ఏదో పాఠంలో చెప్పారని ఎక్కించి మరచిపోయినదొకటి. ప్రతిదానికీ సైట్-ప్యాకేజెస్ అనే సొంత ఫోల్డరు ఉంటుంది. మామూలుగా ఒకదాని ఫోల్డరులోకి మరొకటి తొంగి చూడదు. ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌లో పిలిస్తే పలికిన పిప్ ఒక పైథాన్‌ది, కోడు రాసే ఎడిటర్‌లో రన్ నొక్కితే లేచినది మరో పైథాన్. వేరు కాపురాలు పెట్టుకున్న అన్నదమ్ములలో ఒకరింట బియ్యం పోసి, రెండోవారింట కుండ మూత తీసి చూస్తున్నాడు మనవాడు.

ఇక పెద్దలను ఆశ్రయించాలి. పెద్దలంటే పైథాన్‌తో పదేళ్లు కాపురం చేసి, తమ మొదటి వారాన్ని సంపూర్ణంగా మరచిపోయినవారు. ఎర్రర్ మొత్తం ముందు పరిచినా వారి మొదటి ప్రశ్న మారదు: "పిప్ ఇన్‌స్టాల్ చేశావా?" చేశానండీ. "మళ్లీ చెయ్యి." చేశానండీ. "అయితే పైథాన్ తీసేసి మళ్లీ ఎక్కించు." దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నారట! పైథాన్లు ఎక్కువై వచ్చిన రోగానికి వీరి మందు ఇంకొక పైథాన్.

ఆ మహానుభావులలో ఒక్కరైనా పిప్ వాక్యాన్ని చివరిదాకా చదవమని చెప్పరు. "ఆల్రెడీ శాటిస్ఫైడ్" అన్న అదే వరుసలో, సరుకు ఏ ఫోల్డరులో ఉందో పూర్తి చిరునామాతో పిప్ రాసిపెడుతుంది. రెండో గుమస్తా చిరునామా కావాలంటే, ప్రోగ్రాములో సిస్ మాడ్యూలును ఇంపోర్ట్ చేసి సిస్.ఎగ్జిక్యూటబుల్‌ను ప్రింట్ చేయిస్తే చాలు. రెండు చిరునామాలు వేరు ఇళ్లవైతే రోగం దొరికినట్టే. సిస్.ఎగ్జిక్యూటబుల్ చూపిన ఆ పైథాన్‌నే పేరు పెట్టి పిలిచి, దాని వెనుక "హైఫన్ ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ రిక్వెస్ట్స్" అని టెర్మినల్‌లో రాస్తే సరుకు సరైన ఇంటికే చేరుతుంది. రెండు నిమిషాల పని. కానీ "ఏ పైథాన్?" అన్న రెండు మాటల ప్రశ్న అడగడం పెద్దరికానికి తక్కువ కాబోలు.

తక్కిన బాధలు చిల్లరవి. పైథాన్ చూపే మూడు బాణం గుర్తుల (>>>) పక్కన పిప్ ఇన్‌స్టాల్ అని టైపు చేసి సింటాక్స్ ఎర్రర్ తెచ్చుకోనివారు అరుదు. అది టెర్మినల్‌కు చెప్పవలసిన మాట. విండోస్ ఇన్‌స్టాలరు మొదటి పేజీ అడుగున, పైథాన్‌ను పాత్‌కు, అంటే విండోస్ ఆజ్ఞలను వెతికే ఫోల్డర్ల జాబితాకు, చేర్చమనే చిన్న గడి ఒకటి ఖాళీగా వస్తుంది. అందులో టిక్కు పెట్టనివారికి పిప్ అనే ఆజ్ఞనే తానెరుగనని విండోస్ చెబుతుంది. రిక్వెస్ట్స్ నేర్చుకుంటున్నాను కదా అని తన ఫైలుకే రిక్వెస్ట్స్.పై అని పేరు పెట్టుకుంటే, పైథాన్ అసలు మాడ్యూలును వదిలి ఆ ఫైలునే ఇంపోర్ట్ చేస్తుంది. పేర్ల సంగతి చెప్పనే అక్కరలేదు. ఓపెన్‌సీవీ-పైథాన్ అని తెప్పించుకుని సీవీ2 అని పిలవాలి, స్కికిట్-లెర్న్ అని తెప్పించుకుని ఎస్‌కేలెర్న్ అని పిలవాలి, పిల్లో అని తెచ్చుకున్నదాన్ని పిల్ అని పిలవాలి. నామకరణం నాడు ఒక పేరు, బడిలో ఒక పేరు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. నవ్వలేని చోటు ఒకటుంది. 2023లో వచ్చిన డెబియన్ 12 లినక్స్ నుంచి, వ్యవస్థకు చెందిన పైథాన్‌లో పిప్‌తో ఏదైనా ఎక్కించబోతే అది నిరాకరిస్తుంది, ఎందుకంటే ఆ పైథాన్ మీద ఆపరేటింగ్ సిస్టం పనిముట్లు కొన్ని ఆధారపడి ఉంటాయి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే మన పనికే వేరుగా ఉండే పైథాన్ గది, ఒకటి సృష్టించుకుని అందులో ఎక్కించుకోమని, అందుకు ఏ ఆజ్ఞ రాయాలో కూడా అదే సందేశంలో చెబుతుంది. ఆ సందేశం చివర, ప్రమాదమని హెచ్చరిస్తూ, నిరాకరణను దాటవేసే దారి ఒకటి చూపుతుంది. దాని పేరే "బ్రేక్ సిస్టం ప్యాకేజెస్". పగలగొడతానని పేరులోనే చెప్పుకున్న ఆ ఆజ్ఞను, పైనున్న నాలుగు మంచి వాక్యాలను వదిలేసి, మన పెద్దలు ఏరి మరీ కొత్తవాడి చేతిలో పెడతారు! ముందు యంత్రం మీద సర్వాధికారాలిచ్చే సుడో అనే మాట కూడా తగిలించమంటారు! రేపు వాడి యంత్రం పాడైతే వీరు వస్తారా? రారు. "నువ్వేం చేశావో ఏమో" అంటారు. తెలియకపోతే తెలియదనవచ్చు, ఎవరూ తల తీయరు. పైగా పిప్ సరుకు తెచ్చే పైపీఐలో ఎవరైనా ఖాతా తెరిచి ప్యాకేజీ పెట్టవచ్చు. 2019లో జెల్లీఫిష్ అనే మాడ్యూలు పేరులో ఒక ఎల్ స్థానంలో పెద్ద ఐ అక్షరం పెట్టి, ఎక్కించుకున్నవారి రహస్య డిజిటల్ తాళంచెవులను దొంగిలించే నకిలీ ప్యాకేజీ అక్కడ బయటపడింది. అలాంటి చోట "ఏదో ఒకటి ఎక్కించి చూడు, పోయేదేముంది" అని సలహా ఇవ్వడానికి నోరెలా వస్తుంది? ఒక మనిషి మూడు వరుసలు రాద్దామని ఆశగా వచ్చి, మొదటి వరుస దాటకుండానే ఈ విద్య తన బుర్రకు ఎక్కదని నిర్ణయించుకుని లేచిపోతున్నాడు. లోపం ఏ బుర్రలో ఉంది?

అన్నట్టు, మన అభ్యాసకుడు చివరికి పెద్దల మాట మన్నించి అయిదో పైథాన్ ఎక్కించాడు. తొందరలో ఆ గడిలో టిక్కు పెట్టడం మరిచాడు.