మోకాలి కింద దిండు పెట్టే మహానుభావులకు

ఇప్పుడే ఒక పెద్దాయన పరామర్శకని వచ్చి వెళ్లారు. వెళ్తూ వెళ్తూ అమ్మ ఆపరేషన్ కాలి మోకాలి కింద మెత్తటి దిండు దూర్చి, "హాయిగా ఉంటుందమ్మా, అసలు కదపకు" అని సలహా కూడా పారేసి పోయారు. హాయిగానే ఉంటుంది! ఆ వంగిన మోకాలు అలాగే బిగుసుకుపోయి, రేపు కాలు తిన్నగా చాపలేకపోతే ఆయనొచ్చి చాపిస్తారా? దిండు పెట్టాల్సింది మడమ కింద. ఫిజియో నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది అదే.

మోకాలి మార్పిడి తర్వాత మొదటి వారాలే ముఖ్యం. కోసిన చోట శరీరం గబగబా కొల్లాజెన్‌ని, అంటే గాయాన్ని అతికించే పీచులాంటి ప్రోటీన్‌ని, అడ్డదిడ్డంగా వేసేస్తుంది. కదిలిస్తూ ఉంటేనే అది దారికొస్తుంది. కదపకపోతే పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కుర్చీలోంచి సులువుగా లేవాలన్నా మోకాలు 90 డిగ్రీలు దాటి వంగాలి. అది రాకపోతే మళ్లీ మత్తిచ్చి డాక్టరే బలవంతంగా వంచాల్సి రావచ్చు. ఇవన్నీ ఎవరికి కావాలి? ఫిజియో కాలు వంచుతుంటే "పాపం, ఏడిపించేస్తున్నాడే" అని జాలిపడటం మాత్రం అందరికీ వచ్చు. నొప్పి ఉంటుందండీ, తెలుసు. అందుకే నొప్పి మాత్ర వేసుకున్నాక కాసేపాగి చేయించమంటారు.

అయినా ఆయన్నొక్కణ్నే అనడమెందుకు? నా సిజేరియన్ అప్పుడు తెల్లకోటు వేసుకున్నవాళ్లే మచ్చ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కుట్లు చూశారు, "బాగా మానింది" అన్నారు, తర్వాతి పేషెంటుని పిలిచారు. పైన మానింది సరే, లోపల? నవ్వితే లాగేది, బిడ్డని ఎత్తుకోబోతే పట్టేసేది. చెబితే "బిడ్డ ఆరోగ్యంగా ఉందిగా, ఇంకేంటి?" అన్నారు. ఆ మాట నేను చచ్చినా మర్చిపోను. పొట్ట నాది కానట్టు!

చాలాకాలం తర్వాత నడుంనొప్పికని వెళ్తే ఒక ఫిజియో అమ్మాయి చెప్పింది. గాయం పూర్తిగా మూసుకుని, పైన కట్టిన పక్కులూ అవీ రాలిపోయాక, మచ్చ మీద వేళ్లు ఆనించి చర్మాన్ని మెల్లగా పైకీ కిందకీ, పక్కలకీ, గుండ్రంగా కదపాలట. మచ్చ ఉబ్బెత్తుగా అవుతుంటే దాని మీద అంటించే సిలికాన్ షీట్ రోజుకి కనీసం 12 గంటలు, అదీ నెలల తరబడి ఉంచాలట. మచ్చ ఏడాది దాకా, ఒక్కోసారి ఆ పైన కూడా మారుతూనే ఉంటుందట. అంటే బాగుచేసుకోవడానికి అంత సమయం ఉన్నా నాకెవరూ చెప్పలేదన్నమాట. నేనేమో విటమిన్ ఇ నూనె రాసుకుని దద్దుర్లు తెచ్చుకున్నాను. దాంతో మచ్చలు తగ్గుతాయనడానికి సరైన ఆధారమే లేదని కూడా అప్పుడే తెలిసింది. డిశ్చార్జి కాగితాల్లో బిల్లు మాత్రం పేజీలకి పేజీలు, దూది లెక్కతో సహా!

ఇక కింద "మా కాలంలో ఇవన్నీ చేశామా, మేం బతకలేదా" అని కామెంట్ పెట్టబోయేవాళ్లకి ఒక్క మనవి. ముందు భుజాలు పట్టేయకుండా రెండు చేతులూ చెవులకి తగిలేలా పైకెత్తి చూసుకుని, అప్పుడు టైప్ చేయండి.