పడగ్గది ఏసీ గారికి ఒక తుమ్ములు కలిపిన ఉత్తరం

మహారాజశ్రీ ఏసీ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, ఈ ఇంట్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే. పొద్దున లేవగానే పిల్లాడికి వరసగా ఏడెనిమిది తుమ్ములు, మా ఆవిడకి ముక్కు దిబ్బడ, నాకు గొంతులో గరగర. ఇన్నాళ్లూ ఆ నింద రోడ్డు మీది దుమ్ముకి, ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంటుకి, పాపం వేపచెట్టుకి కూడా వేశాం. జబ్బులన్నీ బయటే ఉంటాయి కదా! అందుకే కిటికీలు బిగించి, తలుపు కింద సందులో పాత టవల్ కుక్కి, మిమ్మల్ని 18లో పెట్టుకుని ముసుగుతన్ని పడుకున్నాం.

మొన్న సర్వీసు అబ్బాయి మీ మూత ఎత్తాడు. ఫిల్టరు మీద బూడిదరంగు పీచు దుప్పటిలా పరుచుకుని ఉంది. లోపల తిరిగే రెక్కల నిండా నల్లటి చుక్కలు, నీళ్లు దిగే ట్రేలో వేలికి అంటుకునే జిగురు. "లాస్ట్ సర్వీసు ఎప్పుడు సార్?" అన్నాడు. మిమ్మల్ని బిగించిన రోజు కొట్టిన కొబ్బరికాయ మాత్రం గుర్తుంది. ఆన్ చేయగానే వచ్చే ఆ తడి సాక్సుల వాసన చల్లదనం వాసనేమో అనుకునేవాణ్ణి.

మీరు బయటి గాలి తెస్తారనుకున్నాను. తేరట. మేం వదిలిన గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ మా మొహానే కొడతారట. గదిలో తేమంతా మీ చల్లటి గొట్టాల మీద నీళ్లవుతుంది, దానికి మా ఒంటి నుంచి రాలిన చర్మపు పొడి అంటుకుంటుంది, పైగా లోపలంతా చీకటి. బూజుకి ఇంకేం కావాలి, పెళ్లివారికి విడిది ఏర్పాటు చేసినట్టే ఉంది. తడి, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, దగ్గు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే పుస్తకమంత వివరంగా చెప్పింది.

మీ బంధువర్గం కూడా తక్కువదేం కాదు. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్జౌలో, కిటికీల్లేని ఓ హోటల్లో పక్కపక్క బల్లల దగ్గర భోంచేసిన మూడు కుటుంబాల్లో 10 మందికి కోవిడ్ తేలింది. గాలిని ఆ మూడు బల్లల మధ్యే తిప్పింది మీ తమ్ముడేనని పరిశోధకుల అనుమానం.

సూక్ష్మజీవులంటే నాకు పడదని కాదండోయ్. అమెరికాలో ఆమిష్‌లు, హటరైట్లు అని రెండు క్రైస్తవ రైతు సమాజాలున్నాయి. పశువుల కొట్టాల పక్కనే పెరిగే ఆమిష్ పిల్లలకి, యంత్రాలతో పెద్ద ఎత్తున సేద్యం చేసే హటరైట్ల పిల్లల కంటే ఉబ్బసం చాలా తక్కువని 2016లో తేలింది. ఆమిష్‌ల ఇళ్ల దుమ్ములో సూక్ష్మజీవుల సరుకు ఎక్కువట. మా నాయనమ్మ పేడతో అలికిన వసారాలో దొర్లినవాణ్ణి నేను. నా కొడుక్కేమో మీ ట్రేలో జిగురు దక్కింది.

వెళ్తూ వెళ్తూ ఆ అబ్బాయి "రోజూ కాసేపు కిటికీ తెరవండి సార్" అన్నాడు. రాత్రి పది నిమిషాలు తెరిచాను. రెండు దోమలు వచ్చాయి. గబగబా మూసేశాను. అవి లోపలే ఉండిపోయాయి.

ఇట్లు,
మీరు తిప్పిన గాలినే తిప్పి తిప్పి పీల్చే,
ఇంటాయన